ఎక్కిన కాడనే దిగాలె

మొన్న కాంట గదికి సున్నం వేయిద్దామని సామాను బయట పెట్టిస్తుంటే, కిటికీ కింద మూలన ఒక జత రబ్బరు చెప్పులు కనిపించాయి. నీలం పట్టీలు, మడమల దగ్గర బాగా అరిగినవి. సున్నం వేసేవాడు వాటిని చీపురుతో చెత్తలోకి నెట్టబోతే "ఆగు" అని అరిచాను. నేను అంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు. "ఎవలియి సారూ, మీయేనా?" అని అడిగాడు వాడు బెదిరిపోయి. నావి కావు. అవి గౌడన్నవి. గౌడన్న పోయి నెల దాటింది.

నాది కోరుట్ల బయట, మేడిపల్లి తోవలో ఉన్న ధర్మకాంటలో ఉద్యోగం. లారీ వచ్చి ఇనుప పలక మీద నిలబడుతుంది, నేను కిటికీలోంచి తూకం చూసి చీటీ ఇస్తాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని కాబట్టి డ్రైవర్ల గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. పలక మీదకు బండి ఎక్కే తీరు చూసి నడిపేవాడి గుణం చెప్పేస్తానని ఎన్నోసార్లు కోతలు కోశాను కూడా. గౌడన్న విషయంలో మాత్రం నేను పూర్తిగా పొరబడ్డాను, అదీ ఒకసారి కాదు.

ఆయనను అందరూ గౌడన్న అనే పిలిచేవారు. అసలు పేరు నేను మొదటిసారి చూసింది, ఆయన పోయాక వాళ్ల ఊళ్లో కట్టిన ఫ్లెక్సీ మీద. చూసి, పెళ్లినాటి ఫొటోనూ పోల్చుకోలేక, ఇంకెవరో పోయారనుకుని ముందుకు వెళ్లిపోయాను. ఆ పేరు ఇక్కడ రాస్తే ఆయనను ఎరిగినవాళ్లు కూడా అలాగే అనుకుంటారు గనక రాయను.

మొదటిసారి కాంట దగ్గరికి వచ్చినప్పుడు ఆయనకు నలభై రెండో నలభై మూడో ఉంటాయి. పొట్టి మనిషి. ఏళ్ల తరబడి తాటిచెట్టును పట్టుకుని పట్టుకుని మోకాళ్లు కొంచెం బయటికి వంగాయి. చొక్కా జేబులో లైసెన్సు కార్డు, దానికి పాలిథిన్ సంచి, సంచికి రబ్బరు. ఎవరూ అడగకముందే ఆ మూడు పొరలూ విప్పి చూపించేవాడు.

"సారూ, పెద్ద బండి లైసెన్సు. లోకల్ల డ్రైవర్ పని ఏదన్న ఉంటె చెప్పున్రి."

"ఎక్స్‌పీరియన్స్ ఎంత?"

"లైసెన్స్ అచ్చి మూడు నెల్లయింది."

"లైసెన్సు గాదన్నా. బండి ఎన్నేండ్లు నడిపినవ్?"

"ట్రాక్టర్ నడిపిన. డ్రైవింగ్ స్కూల్ లారీ నడిపిన."

"ఒక్కనివే నడిపినవా, పక్కన నేర్పేటాయిన ఉన్నడా?"

ఆయన ఆకాశంలోకి చూసి లెక్క వేసుకుని, "ఆయిన మూత్రానికి దిగినప్పుడు ఒక్కపారి నేనే పక్కకు పెట్టిన" అన్నాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషని నాకు అప్పుడే తెలియాల్సింది.

మా దిక్కు లారీ ఓనరు లైసెన్సు చూడడు. "నీ ఉస్తాద్ ఎవలు?" అని అడుగుతాడు. డ్రైవర్ అనేవాడు ఏ పెద్ద డ్రైవర్ దగ్గరో క్లీనరుగా చేరి, టైర్లు కడిగి, తిట్లు తిని, కొన్నేళ్లకు స్టీరింగ్ ముట్టుకుంటాడు. ఆ పెద్ద డ్రైవరే ఉస్తాద్. ఉస్తాద్ పేరు చెప్పలేనివాడికి బండి ఇవ్వడమంటే, ఇంటిపేరు తెలియనివాడికి పిల్లనివ్వడమే. గౌడన్నను ఈ ప్రశ్న అడిగితే, "మా నాయిన" అనేవాడు.

"మీ నాయిన ఏం బండి నడిపిండు?"

"బండి గాదు, తాటిచెట్లు. ఎక్కుడు దిగుడు ఆయిననే నేర్పిండు."

ఆ తర్వాత ఓనర్లు టీ తాగించి పంపేవారు.

అసలు ఆయన చెట్టు వదిలి బండి పట్టడానికి కారణం ఉంది. అంతకు ముందు ఏడాది వానాకాలంలో తాటిచెట్టు మీంచి జారి పడ్డాడు. భుజం ఎముక విరిగింది. మంచం మీంచి లేచిన రోజే ఆయన భార్య, బీడీలు చేసుకునే మనిషి, మాటలు తక్కువ, పట్టు ఎక్కువ, ఆయన చేతిని బిడ్డ నెత్తి మీద పెట్టించి ఒట్టు వేయించింది. ఇక జన్మలో చెట్టు ఎక్కకూడదు. మరి ఇల్లు గడవాలి కదా? దానికీ ఆమె దగ్గర జవాబు ఉంది. ఆమె తమ్ముడు గల్ఫ్‌లో ఉన్నాడు, వీసా పంపుతానన్నాడు. "ఈ వడ్ల సీజన్ అయ్యేదాక చూస్త. ఈడ లారీ దొర్కితె లారీ. దొర్కకుంటె మా తమ్ముని కాడికి పో" అని గడువు పెట్టింది.

మా దగ్గర ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. పోని మగవాణ్ణి చూసి "ఏందన్నా, మెడికల్ ఫెయిలయితివా?" అని పరామర్శిస్తారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు గౌడన్న ఒక్కడే పోనంటాడు. ఎందుకంటే ఆయన పుట్టి బుద్ధెరిగాక ఒక్క రాత్రి కూడా సొంత ఇంట్లో తప్ప ఇంకెక్కడా పడుకోలేదు. చెట్టు పొద్దునా ఎక్కాలి, సాయంత్రమూ ఎక్కాలి. ఒక్క పూట తప్పితే చెట్టు అలుగుతుందని వాళ్ల నమ్మకం. తన పెళ్లినాడు సైతం పొద్దున చెట్టు దిగి, కాళ్లు కడుక్కుని, పీటల మీద కూర్చున్నాడట. అత్తగారింట్లో మూడు నిద్రలు అంటే, ముప్పొద్దులా పోయి తిని, మూడు రాత్రులూ ఇంటికొచ్చి పడుకున్నాడట.

బావమరిది వీడియో కాల్‌లో తాముండే గది చూపించాడు. ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు. "నీకు పైమంచం ఖాళీ ఉంచిన బావా" అన్నాడట ప్రేమగా.

"పైమంచమా? ఎక్కుడు వద్దని మీ అక్క ఒట్టు పెట్టించుకున్నది" అన్నాడట ఈయన.

ఇది నాకు చెప్పి ఆయన నవ్వలేదు. నాకు నవ్వొచ్చి ఆపుకోలేక కిటికీ తలుపు వేసుకున్నాను. తర్వాత తీసి చూస్తే బెంచీ మీద అలాగే కూర్చుని, చేతిలోని లైసెన్సును మళ్లీ మూడు పొరల్లో చుడుతున్నాడు. ఈ మనిషికి లోకల్లో పని దొరకకపోతే నిజంగానే ఏదో అవుతుందని అప్పుడు భయం వేసింది. సరే, నేనే చూసి పెడతానని బయలుదేరాను. నాకు అందరూ తెలుసు కదా.

ముందు జగిత్యాల. అక్కడ మామిడికాయల వ్యాపారి ఒకాయన నాకు పరిచయం. తోటల నుంచి మార్కెట్‌కు కాయ తెచ్చే డీసీఎం వ్యాను ఉంది, డ్రైవర్ కావాలి. పొద్దున పోతే సాయంత్రానికి ఇల్లు. నడిపి చూపించమన్నాడు. గౌడన్న వ్యాను దగ్గరికి వెళ్లి, ముందు టైరును ముట్టుకుని చేతులు కళ్లకు అద్దుకుని, "ఎల్లమ్మ తల్లీ" అన్నాడు. చెప్పులు విడిచి, జతగా, శుభ్రంగా, ముందు భాగం టైరు వైపు ఉండేలా పెట్టాడు. ఎక్కాడు. వ్యాపారి, నేను అవతలి పక్కనుంచి ఎక్కాం, వ్యాను పోయింది. నడిరోడ్డు మీద చెప్పులు మిగిలాయి.

తాటిచెట్టు ఎక్కేవాడు చెట్టు మొదలు దగ్గర చెప్పులు విడుస్తాడు, దిగి అవే తొడుక్కుంటాడు. చెట్టు ఎక్కడికీ పోదు కాబట్టి ఇన్నేళ్లలో ఆయనకు ఏ ఇబ్బందీ రాలేదు. మార్కెట్ యార్డులో వ్యాను ఆపి, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం సిమెంటు మీదకు ఉత్త కాళ్లతో దిగాడు. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను.

"చెప్పులేవన్నా?" అన్నాను.

"ఆడనే ఉన్నయి."

"ఏడ?"

"ఎక్కిన కాడ" అన్నాడు, ఇంత తెలివితక్కువ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అన్నట్టు. మరుక్షణం ఆయనకూ అర్థమైంది. కాలు మార్చి కాలు ఎత్తుతూనే కాసేపు ఆలోచించి, "తప్పు బండిదే సారూ" అని తీర్పు చెప్పాడు. "ఎక్కినోడు ఎక్కిన కాడనే దిగాలె. గది పద్ధతి."

తర్వాత వ్యానును వెనక్కి నడిపి అరుగుకు ఆనించి పెట్టాలి. గౌడన్న రెండడుగులు వెనక్కి పోనిచ్చి, ఆపి, దిగి, గంతులు వేసుకుంటూ వెనక్కి వెళ్లి చూసి, గంతులు వేసుకుంటూ వచ్చి ఎక్కేవాడు. మళ్లీ రెండడుగులు. మళ్లీ దిగడం.

"అద్దమున్నది గద!" అని అరిచాడు వ్యాపారి.

"అండ్ల కుడి ఎడుమ అయితది సేటూ. ఎట్ల నమ్మాలె?"

"ఓ అన్నా, గీ కాయ పండయ్యేలోపల పెడతవా?" అన్నాడు వ్యాపారి. హమాలీలు గంపలు దించి కూర్చుని నవ్వారు. చివరికి పెట్టాడు. అరుగుకు, వ్యానుకు మధ్య బెత్తెడు సందు, అంతా సమానంగా. కాని అప్పటికి వ్యాపారి లోపలికి వెళ్లి భోజనం చేసి చెయ్యి కడుక్కుంటున్నాడు. "మంచోడే, కని మాది మామిడి, చింతపండు గాదు. గంత ఆగది" అని నాతో అన్నాడు. తిరిగి వెళ్లి చూస్తే రోడ్డు మీద చెప్పులు కూడా లేవు.

రెండోది సిరిసిల్ల. అక్కడ బట్టల బేళ్లు కరీంనగర్ చేర్చే లారీ ఉన్న సేటు ఒకాయన. ఈసారి ఏమారకూడదని బస్సులో పాఠం మొదలుపెట్టాను. "ఎన్నేండ్ల ఎక్స్‌పీరియన్సంటె ఆరేండ్లని చెప్పు. ఉస్తాద్ ఎవలంటె సచ్చిపోయిండని చెప్పు. సచ్చిపోయినోనికి ఫోన్ చేసి ఎవ్వలడుగరు."

"అబద్దం గద సారూ."

"పని దొర్కినంక నిజం చేసుకో."

వేములవాడ దాటినప్పటి నుంచి ఎక్కం వల్లించినట్టు వల్లించాడు. ఆరేండ్లు, సచ్చిపోయిండు. ఆరేండ్లు, సచ్చిపోయిండు. ముందు సీట్లో ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి జాలిగా చూసింది.

సేటు లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అడిగాడు. "ఎన్నేండ్లు నడిపినవ్?"

"ఆరేండ్లు."

"ఉస్తాద్?"

"సచ్చిపోయిండు."

"అయ్యో. పేరు?"

పేరు మేము అనుకోలేదు. గౌడన్న నిదానంగా నా వైపు తిరిగి, "పేరేంది సారూ?" అని అడిగాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆ రోజు నుంచి ఆ సేటు నా కాంట చీటీని కూడా నమ్మక, ఇంకో కాంట మీద మళ్లీ తూకం వేయించేవాడని తర్వాత తెలిసింది. తిరుగు బస్సులో గౌడన్న కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"పాపం, సచ్చిపోయినోనికి పేరన్న పెట్టకపోతిమి సారూ."

ఇక మిగిలింది కోరుట్లలో ఆపా. ఉర్దూలో అక్క అని, అందరూ అలాగే పిలుస్తారు. మా కాంట పక్క షెడ్డులో ఆమెవి మూడు లారీలు. భర్త పోయాక వ్యాపారం తనే చూసుకుంటోంది. షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఎంత పొగరున్న డ్రైవరైనా బీడీ పారేసి వచ్చేవాడు. గౌడన్న అప్పటికే రెండుసార్లు ఆమెను అడిగాడు. రెండోసారి ఆమె రెండు చేతులూ జోడించి, "గౌడన్నా, నీకు దండం పెడత, నా బండికి దూరంగ ఉండు" అంది.

సీజన్ అయిపోవచ్చింది. కొనుగోలు సెంటర్లలో వడ్ల కుప్పలు తగ్గుతున్నాయి. వీసా వచ్చింది. సోమవారం మెడికల్. శనివారం మధ్యాహ్నం గౌడన్న వచ్చి నా కిటికీ ముందు బెంచీ మీద కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. పడమట మబ్బు పట్టింది, గాలి లేచింది. నా ఫోను మోగింది. ఆపా.

"భాయ్, మేడిపల్లి సెంటర్ల నా బండి లోడ్ అయి నిలవడ్డది. డ్రైవర్ చెల్లె పెండ్లికి పాయె. ఇంకొకడు ఫోన్ ఎత్తుతలేడు. వాన అచ్చెటట్టున్నది. నీ కాడ డ్రైవర్ ఎవలన్న ఉన్నరా?"

నేను గౌడన్నను చూశాను. ఆయన నన్ను చూస్తున్నాడు. ఫోనులో ఆమె గొంతు బయటికి వినిపిస్తూనే ఉంది. లోడు బండి, వాన, కొత్త మనిషి. ఏదైనా అయితే ఈ తోవలో నా మాటకు ఇక విలువ ఉండదు. సిరిసిల్లలో పోయిన పరువు ఇంకా తిరిగి రాలేదు.

"ఎవ్వలు లేరు ఆపా" అన్నాను.

ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే సిగ్గేస్తుంది. గౌడన్న కోపం తెచ్చుకోలేదు. లేచి వచ్చి, కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి, "ఫోన్ ఇయ్యి సారూ" అన్నాడు. ఇచ్చాను.

"ఆపా, నేను గౌడన్నను. కొత్తోన్ని. ఉస్తాద్ లేడు. బండి సుస్తుగ, మెల్లెగ వస్తది, మూలమూలకు దిగి చూస్త. కని తాడు నేనే కడుత. నేను కట్టినంక వాన గాదు, దాని తాత అచ్చినా ఒక్క బస్త తడువది."

ఎక్కడో ఉరిమింది. "పో" అంది ఆపా. "జల్ది పో. ఎవ్వలి మీద ఎక్కించి చంపకు."

తన టీవీఎస్ బండి ఎక్కి వెళ్లాడు. అరగంటలో వాన దంచింది. ముందు వేరేవాళ్ల లారీలు మూడు వచ్చాయి. ఒకదాని మీద టార్పాలిన్ పరదా చిరిగి జెండాలా కొట్టుకుంటోంది. ఒకదానికి పరదానే లేదు, ఏ పొలంలో పడిందో డ్రైవర్‌కూ తెలియదు. బస్తాల్లోంచి నీళ్లు నా పలక మీద కారుతున్నాయి. మిల్లు నుంచి వచ్చిన గుమాస్తా తడి వడ్లు దించుకునేది లేదని మొండికేశాడు. రైతులు లబలబలాడుతున్నారు. ఆపా ఆటోలో వచ్చి నా చూరు కింద నిలబడింది. గౌడన్న జాడ లేదు. ఆమెకు తిట్టడానికి ఉర్దూ సరిపోక తెలుగులోకి, తెలుగు సరిపోక ఉర్దూలోకి మారుతోంది. మధ్యలో నన్ను చూసి, "నీ కాడనే కూసున్నడట గద, లేరని ఎందుకన్నవ్?" అంది. నేను తూకం మిషను తుడిచాను.

ఇంకో గంటకు లారీ కనిపించింది. పట్టపగలు లైట్లు వేసుకుని, మనిషి నడిచే వేగంతో వస్తోంది. వెనక ఆర్టీసీ బస్సు ఒకటి, ట్రాక్టర్లు, ఆటోలు, పెళ్లి ఊరేగింపులా. అందరూ హారన్లు కొడుతున్నారు. గౌడన్న కిటికీలోంచి చెయ్యి పెట్టి, పొమ్మని మర్యాదగా ఊపుతున్నాడు. పలక ముందు ఆపి, దిగి, వానలో ఉత్త కాళ్లతో పలక చుట్టూ తిరిగి నాలుగు అంచులూ చూసి, ఎక్కి, బండిని పలక నడిమధ్య నిలబెట్టాడు. ఇరవై ఏళ్లలో అంత నడిమధ్య ఎవరూ నిలబెట్టలేదు.

పరదా అంగుళం కదలలేదు. దాని మీద అడ్డంగా నిలువుగా తాళ్లు, చెట్టెక్కేవాళ్లు నడుముకు మోకుతో వేసుకునేలాంటి ముళ్లు. హమాలీ ఒకడు విప్పబోయి వేళ్లు నొప్పెట్టి వదిలేశాడు. గౌడన్న వచ్చి ఒక కొస పట్టుకుని గుంజితే తాడంతా జారిపోయింది. గుమాస్తా బస్తాలో చెయ్యి పెట్టి పిడికెడు వడ్లు తీసి ఊదాడు. దుమ్ము లేచింది. అంత వానలో అక్కడ పొడిగా ఉన్నవి ఆ వడ్లు మాత్రమే.

గుమాస్తా తెలివైనవాడు. అక్కడికక్కడే బేరం పెట్టాడు. "గౌడన్నా, మా మిల్లుల పనికి రా. పొద్దుగాల అచ్చి బండ్లకు తాళ్లు కట్టు, పొద్దుగూకంగ ఇంటికి పో. స్టీరింగ్ గీరింగ్ నీకెందుకు?"

ఆయన కోరుకున్నదంతా అందులో ఉంది. గల్ఫ్ తప్పుతుంది, రోజూ ఇంట్లో పడుకోవచ్చు. ఒప్పుకోమని నేను కిటికీలోంచి సైగలు చేశాను. గౌడన్న నిదానంగా అడిగాడు. "బస్తాల మీదికి ఎక్కాలె గద?"

"ఎక్కకుంటె ఎట్ల కడ్తవ్?"

"దినాం?"

"దినాం."

"అయితె నాతోని గాదు. ఎక్కుడు బంద్ చేసిన. బిడ్డ నెత్తి మీద ఒట్టు. ఇయ్యాల ఒక్కనాడు ఎక్కిన, ఎల్లమ్మకు నేను చెప్పుకుంట. మా ఇంట్ల మాత్రం ఎవ్వలు చెప్పకున్రి."

"మరి లారీ ఎక్కుడు ఎక్కుడు గాదా?" అని అడిగింది ఆపా. ఆ రోజు మొదటిసారి ఆమె ముఖంలో నవ్వు కనిపించింది.

"అది మూడు మెట్లు ఆపా. అరుగు ఎక్కినట్టు. గంత మటుకు మా ఇంట్ల మాఫ్. తాడు హమాలీ పైకెక్కి ఏస్తడు, నేను కింద నిలవడి ముడి చెప్త."

ఆపా గుమాస్తాను చూసింది. గుమాస్తా ఇంకా ఆశగానే ఉన్నాడు. ఇంకొక్క నిమిషం ఆగితే ఈ మనిషి చెయ్యిజారేలా ఉన్నాడని ఆమెకు అర్థమైంది. "సోమారం సంది నా బండి ఎక్కు" అంది. "సుస్తుగనే రా. హారన్లు కొట్టెటోళ్లు కొట్టుకుంటరు. కని నా బండ్లకు మూడింటికీ ముళ్లు నీయే."

"సోమారం నాకు మెడికల్ ఉండె ఆపా."

"ఏం రోగం?"

"గల్ఫ్" అన్నాడు గౌడన్న. "ఇప్పుడు తక్కువయింది."

ఆ సాయంత్రం ఆయన టీవీఎస్ బండి కోసం తిరిగి మేడిపల్లి ఆటో ఎక్కబోతుంటే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "ఫోన్ల గట్లన్న, మనసుల పెట్టుకోకన్నా" అన్నాను.

"ఎట్లన్నరు సారూ?"

"డ్రైవర్ ఎవ్వలు లేరని."

"నిజమే గద. అప్పటికింక నేను డ్రైవర్‌ను గాదు" అన్నాడు ఆయన. నన్ను ఊరడించడానికి అన్న మాట కాదు. లెక్క అలాగే చూసుకున్నాడు.

ఆ తర్వాత ఆరేళ్లు నడిపాడు. వేగం పెరగలేదు, బండికి గీత పడలేదు. "ఎక్కుడు అందరెక్కుతరు సారూ, దిగుడే పని" అనేవాడు, బ్రేకు గురించి. చెప్పుల అలవాటూ మారలేదు. దానికి ఆయనే ఉపాయం కనిపెట్టాడు. జగిత్యాలలో మార్కెట్ దగ్గర టీకొట్టులో ఒక జత, సిరిసిల్లలో బేళ్ల గోదాం దగ్గర ఒక జత, నా కిటికీ కింద ఒక జత పెట్టాడు. "ఇప్పుడు యాడ దిగినా ఇబ్బంది లేదు" అని గొప్పగా చెప్పాడు. చెప్పులు వేసుకునే బండి నడపొచ్చు కదా అని ఎవరైనా అంటే, అలాంటివాళ్లు కూడా ఉంటారా అన్నట్టు చూసేవాడు. డ్రైవర్లు "బొంబాయి లైన్ పోదాం రా గౌడన్నా, లోకం చూస్తవు" అని ఆటపట్టిస్తే, "పొద్దుగూకంగ ఇంటికస్తమంటె చెప్పు, ఇప్పుడే పోదాం" అనేవాడు.

ఫోను మాత్రం వెంట తెచ్చుకునేవాడు కాదు. చెట్టు మీద ఫోన్ మాట్లాడుతామా అని ఆయన వాదన. అందుకని ఆయన భార్య రోజూ సాయంత్రం నాకు ఫోను చేసేది. "సారూ, దిగిండా?" అంటుంది. "దిగిండక్కా, టీవీఎస్ ఎక్కిండు" అంటాను. పెట్టేస్తుంది. అంతే మాట. ఒకరోజు నాకు చిరాకేసి, "ఏందక్కా దినాం గీ ఫోను? ఆయిన ఇంటికి గాక యాడికి పోతడు?" అని అడిగాను.

"పోతడని గాదు సారూ. బండి దిగి టీవీఎస్ ఎక్కిండని మీరు చెప్తె బియ్యం పొయ్యి మీద పెడ్త. ఆయిన అచ్చి కాళ్లు కడుక్కునెవరకు గంజి వంపుత. సల్లవడ్డ బువ్వ తినడు ఆయిన" అంది.

అంటే ఇన్నేళ్లూ నేను కోరుట్లలో కూర్చుని మేడిపల్లి అవతల ఒక పల్లెలో అన్నం వండిస్తున్నానన్నమాట. ఆ తర్వాత ఒక్కరోజు కూడా నేను ఫోను ఎత్తడం ఆలస్యం చేయలేదు. పలక మీద లారీ ఉన్నా సరే, ముందు ఆమెకు చెప్పి తర్వాతే తూకం చూసేవాణ్ణి.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఆయన లేవలేదు. రాత్రి తిని, తన మంచం మీద పడుకుని, నిద్రలోనే పోయాడు. ఆపా, నేను ఆటోలో వెళ్లాం. నేను ఏడ్చాను. ఆ రోజు ఆయన భార్యతో, ఇంకెవరితో ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు.

నిన్న సాయంత్రం, సరిగ్గా ఆ వేళకు, ఫోను మోగింది. గౌడన్న భార్య నంబరే.

"సారూ" అంది. తర్వాత, "ఆపా బండి అచ్చిందా?" అని అడిగింది.

"అచ్చిందక్కా. ఇప్పుడే."

"ఎవలు నడుపుతున్నరు?"

"కొత్తాయిన. కథలాపూర్ దిక్కు. లైసెన్సచ్చి నాలుగు నెల్లు కాలే. ఆపా ఉస్తాద్ ఎవలని గూడ అడగలే."

"దినాం ఇంటికి పోతడా?"

"పోతడక్కా."

"పెండ్లాం ఉన్నదా?"

"ఉన్నది."

అవతల గిన్నె ఏదో పక్కకు జరిపిన చప్పుడు. "అయితె ఆమె నంబర్ తీసుకో సారూ. కథలాపూరంటె మా ఊరి కన్న దూరం. బండి దిగంగనే పెట్టద్దు, పది నిమిషాలాగి పెట్టుమను. లేకుంటె సల్లవడ్తది."

కలం తీసుకుని బయటికి వెళ్లాను. కొత్త డ్రైవర్ షెడ్డులో క్యాబిన్ తాళం వేస్తున్నాడు. "తమ్మీ, మీ ఇంటామె నంబర్ చెప్పు" అన్నాను.

వాడి ముఖం పాలిపోయింది. "ఏమైంది సారూ? బండికేమన్న తాకిచ్చిన్నా? పని తీసేస్తున్నరా?"

"ఏం కాలే" అన్నాను. "నువ్వు బయలెల్లినవని చెప్పాలె. బియ్యం పెట్టుకుంటది."